కప్పులో పోసిన ఉప్పు

మొన్న సోమవారం పొద్దున్న కూరగాయలకని సంచి పట్టుకుని రాజాం బజారుకి బయల్దేరితే, జంక్షన్ దగ్గర బస్సులూ ఆటోలూ ధాన్యం లారీలూ ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. ఏమిటా అని జనాన్ని తోసుకుని ముందుకు వెళ్ళి చూద్దును కదా, నడిరోడ్డు మీద గడ్డితో చేసిన దిష్టిబొమ్మ ఒకటి నిలబెట్టి ఉంది. దానికి ఒక పాత కోటు, మెడలో ఎర్ర టై, చేతిలో మైకు లేదు కాబట్టి మైకు బదులు ఒక మొక్కజొన్న పొత్తు. ఆ బొమ్మకి నిప్పంటించడానికి అగ్గిపుల్లలు గీస్తున్న పెద్దమనిషి ఎవరో కాదు, అరవై దాటిన మా తమ్ముడు. మూడు పుల్లలు గాలికి ఆరిపోయాయి, నాలుగోదానికి కోటు అంటుకుంది. టీవీ వాళ్ళు నశించాలని అందరూ ఒక్కసారి అరిచారు. సంచి చంకలో పెట్టుకుని నేనూ అరిచాను.

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. శృంగవరపుకోట నుంచి నౌపడ దాకా ఏ బడికి వేస్తే ఆ బడికి వెళ్ళి, ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు టీచరుగా ఈల ఊదినదాన్ని, కోపం లేకపోతే ఆ ఉద్యోగం ఎలా చేసేదాన్ని? కానీ ఇది ఆ కోపం కాదు. ముందు రోజు సాయంత్రం మొదలైంది, ఇది రాస్తున్న ఇవాళ్టికీ పూర్తిగా చల్లారలేదు. ఎవరి మీదని అడిగితే ఆ సోమవారం పొద్దున్న ఠక్కున చెప్పేదాన్ని. ఇప్పుడు అంత ఠక్కున చెప్పలేను. అందుకే మొదటినుంచీ చెబుదామని కూర్చున్నాను.

మా తమ్ముడికి ఒక మనవరాలు ఉంది, నన్ను మామ్మా అంటుంది. ఇరవై ఏళ్ళ పిల్ల, బరువులెత్తుతుంది. రాజాంకి అయిదు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో తాలింఖానా అని మా తాతల నాటి పెంకుటి సాల ఒకటి ఉంది, కసరత్తు చేసుకునేవాళ్ళ కోసం కట్టింది. అక్కడే నేను దాని చేత మొదట వెదురు కర్ర పట్టించాను, చేతులు నిటారుగా నిలబడడం వచ్చాక ఇనుప కడ్డీ పట్టించాను. ఆ తరవాత నా చేతికి మించిపోయి పెద్ద పెద్ద కోచ్‌ల దగ్గరికి వెళ్ళిపోయిందనుకోండి. ఈ ఏడు దాని తూకం ఆడపిల్లల్లో అంత బరువు ఎత్తినవాళ్ళు దేశం మొత్తం మీద లేరు. ఇది నేను మురిసిపోయి చెప్పేది కాదు, కడ్డీకి తగిలించిన బిళ్ళల మీద అంకెలు పోసి ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

ఒక టీవీ చానలు వాళ్ళు ఏటా ఆ ఏటి మేటి క్రీడాకారులెవరో తేల్చి బహుమతి ఇస్తుంటారు. నలుగురిని వాళ్ళే ఏరతారు, ఆ నలుగురిలో ఒకరిని జనం ఎంచాలి. ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు ఇస్తారు, నచ్చిన మనిషి నంబరుకి మిస్డ్ కాల్ కొడితే అది ఒక ఓటు. గడువు పది రోజులు. ఈసారి ఆ నలుగురిలో మా పిల్ల ఒకతి.

ఫలితం చెప్పే ఆదివారం సాయంత్రం నేను మా తమ్ముడింట్లోనే ఉన్నాను. వీధి వీధంతా ఆ హాల్లోనే ఉంది, చోటు చాలని వాళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని అరుగు మీద నిలబడ్డారు. తెర మీద మా పిల్ల పట్టుచీరలో ఉంది. ఆ చీర కట్టుకోమని ఎవరు చెప్పారో గానీ, ఆ భుజాలకి జాకెట్టు బిగిసిపోయి, పాపం ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటోంది. సంగీతం మోగించారు, దీపాలార్పారు, వెలిగించారు, మధ్యలో సబ్బుల ప్రకటనలు వేశారు. చివరికి తెర మీద నాలుగు రంగుల గీతలు అడుగునుంచి పైకి పెరగడం మొదలుపెట్టాయి. ఒక క్రికెట్టు కుర్రాడి గీత తెర పైఅంచు దాకా వెళ్ళింది. మిగతా ఇద్దరివీ నడుము దాకా వచ్చి ఆగాయి. మా పిల్ల గీత మాత్రం గోరంత ఉండి అక్కడే ఆగిపోయింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కోటూ ఎర్ర టై వేసుకున్న ఆ యాంకరు మా పిల్ల వైపు తిరిగి, నవ్వుతూ, ఏమండీ, మీ ఊరికి ఇంకా ఫోన్లు రాలేదా అని అడిగాడు. ఎదురుగా కూర్చున్న సూటుబూటు జనమంతా పకపకా నవ్వారు. మా పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. పెదాలు నవ్వుతాయి, మెడ మీద నరం మాత్రం బిగుసుకుని ఉంటుంది. నా వయసు వాళ్ళలో ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకీ తెలుసు, ఎందుకంటే మనమందరం ఎప్పుడో ఒకప్పుడు అలా నవ్వే ఉంటాం.

మర్నాడు తెల్లవారగానే ఫోన్ చేసింది. ఏడవడం లేదు, గొంతు పొడిగా ఉంది.

"మామ్మా, శుక్కురోరం కేంపుకి నాను ఎల్లను. మనూరోలికే అక్కర్నేనిదాన్ని, ఇంకెవుల కోసం ఎత్తాల, సెప్పు?"

నేను ఏదో అనబోయేలోగా పెట్టేసింది. ఆ కేంపు మామూలు కేంపు కాదు. విదేశాల్లో జరిగే పోటీలకి మనుషుల్ని ఎంచేది అక్కడే. శుక్రవారం బయల్దేరి వెళ్ళి సంతకం పెట్టకపోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఇంకో నాలుగేళ్ళ దాకా అటు చూసే పని ఉండదు. బరువులెత్తేవాళ్ళకి నాలుగేళ్ళంటే ఎంతో, వాళ్ళ మోకాళ్ళని అడగాలి.

ఆ ఫోన్ విన్న చెవులతోనే నేను బజారుకి వెళ్ళాను. ఇప్పుడు చెప్పండి, అరవనా మాననా? అసలు బరువులకి ఓటేమిటండీ? ఎత్తింది ఎత్తినట్టు ఇనుము మీద రాసి ఉంటే, సోఫాలో కూర్చుని బఠాణీలు నములుతున్నవాడి బొటనవేలు తేల్చేదేమిటి? ఆ క్రికెట్టు అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు, చక్కగా ఆడతాడు, పెద్దల్ని చూస్తే వంగి దణ్ణం పెడతాడు. కానీ వాడి ఊళ్ళో సెంటరుకో ఫ్లెక్సీ కట్టారట, షామియానాలు వేసి కుర్చీలు పరిచి, వచ్చేపోయేవాళ్ళని ఆపి మరీ ఫోన్లు కొట్టించారట. అదంతా ఆట కిందికి వస్తుందా? దానికి జనం తీర్పు అని పేరు పెట్టడం ఎంత సిగ్గుమాలినతనం!

నాలాగే అందరూ మండిపోతున్నారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. రిటైరైన టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ దేవుడి పటాలు తప్ప పెట్టని లెక్కల మేడం కూడా ఆ యాంకర్ని నాలుగు దులిపేసింది. రాజాంలో రెండు టీ దుకాణాల వాళ్ళు ఇకమీదట ఆ చానలు పెట్టబోమని బోర్డు రాసి తగిలించారు. ధాన్యం వ్యాపారులు ఒక గంట షాపులు మూశారు. అలాంటి గొడవ నడుమ బొమ్మ కాలిపోయింది, చేతిలో మొక్కజొన్న పొత్తు కాలి కమ్మటి వాసన వచ్చింది. అప్పుడు తలెత్తి చూశాను. నా చుట్టూ ఉన్న వాళ్ళందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. ప్రతి చేతిలోనూ ఒక ఫోను. బొమ్మ కాలడాన్ని వీడియో తీస్తున్నారు. మా ఊరి వాళ్ళే ఓ రెండు వందల మంది ఉంటారు. ఆ యాంకరు అడిగిన దిక్కుమాలిన ప్రశ్న నా చెవిలో మళ్ళీ వినబడింది, అరవడానికి తెరిచిన నోరు మూతపడిపోయింది.

నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం మీకు అర్థం కావాలంటే నేను చాలా వెనక్కి వెళ్ళాలి.

నా ఈడు వాళ్ళకి సంగిడి పోటీలు గుర్తుండే ఉంటాయి. సంగిడి అంటే ఒకే రాతిలోంచి తొలిచిన బరువు, రెండు చివర్లా గుండ్రటి దిమ్మలు, మధ్యలో పట్టుకోవడానికి సన్నటి నడుము. అమ్మవారి పండగల్లో పది ఊళ్ళ వాళ్ళు చేరేవారు. ఏ ఊరి మనిషి రాయి దగ్గరికి వస్తే ఆ ఊరి వాళ్ళు ఈలలు వేసి డప్పులు కొట్టి గోల గోల చేసేవారు, మా ఊరి వాళ్ళు తప్ప. మా మనిషి వచ్చి చేతులకి మట్టి రాసుకునే సరికి మా ఊరి జనమంతా నోళ్ళు కట్టేసుకుని తలలు వంచుకునేవారు. ఎందుకంటే పరాయి వాళ్ళ కన్ను తగలదట, సొంత వాళ్ళ మురిపెమే తగులుతుందట. ఎంత ప్రేమ ఉంటే అంత గట్టిగా తగులుతుందట. అందుకని రాయి లేచేదాకా పేరు ఎత్తకూడదు, లేచాక కూడా బాగా ఎత్తావని అనకూడదు. ఏదో ఒక వంక పెట్టాలి.

మా మేనమామ ఒకసారి, మూడేళ్ళుగా ఎవరూ నేల మీంచి కదపలేని సంగిడిని తల మీదికి లేపి, పదంకెలు లెక్కపెట్టేదాకా నిలబెట్టాడు. ఇంటికి వస్తే, ఆ రోజంతా ఉపవాసం ఉండి మొక్కుకున్న మా అమ్మ, గుమ్మంలోనే వాళ్ళన్నని నిలేసి, "పంచె జారిపోతంటే సూసుకోనేదేటన్నా, అందరూ నవ్వీసినారు" అంది. మా మామ ముఖం మతాబాలా వెలిగిపోయింది. వంక ఎంత పెద్దదైతే మెప్పు అంత పెద్దదన్నమాట. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మా సంగతి తెలుసు, ఒక పక్క ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయంటే అదిగో ఫలానా ఊరి మనిషి వస్తున్నాడని అటు తిరిగేవారు. గెలిచిందెవరో తేల్చడానికి ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. రాయి లేస్తే లేచినట్టు, లేకపోతే లేనట్టు.

ఇదంతా మగవాళ్ళ సంగతి. ఆడపిల్ల బరువెత్తడం ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. రాజాం హైస్కూల్లో మాకు ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారు, ఆయనకి కొంచెం పిచ్చి అనేవారు. నేను నీళ్ళ బిందె ఎత్తుకునే తీరు చూసి, ఒక రోజు ఇనుప కడ్డీ చేతికిచ్చారు. బడి అయిపోయాక కూడా ఆయనే వదలకుండా నేర్పించారు. పందొమ్మిదో ఏట విజయనగరంలో పోటీలైతే, మా టీచరమ్మ ఒకావిడ తోడు రాగా వెళ్ళి, మొదటి బహుమతి తెచ్చుకున్నాను. జానెడు ఎత్తు కప్పు, తళతళలాడే పూత, దాని మీద నా పేరు చెక్కించి ఇచ్చారు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు మనుషులకి కనబడేలా తిప్పి పట్టుకుని కూర్చున్నాను. నవ్వొస్తుంది తలుచుకుంటే.

ఊళ్ళోకి నడిచి వచ్చేసరికి ఎవరూ ఏమీ అనలేదు. అరుగుల మీది వాళ్ళు కప్పుని చూసి తలలు తిప్పుకున్నారు. నాన్న కళ్ళంలో ఉలవలు తూర్పారబడుతున్నాడు. కప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "అచ్చరాలు ఒంకరగా సెక్కినారు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. కప్పుని కండువా చాటున పెట్టుకుని లోపలికి తీసుకుపోయాడు, ఆ తరవాత అది నాకు కనబడలేదు. అమ్మ అన్నం పెట్టింది, కూరలో ఉప్పు చాలిందా అని అడిగింది. అంతే.

మా మేనమామకి పెట్టిన వంకకీ నాకు పెట్టిన వంకకీ తేడా లేదని ఆ రోజు నాకు తట్టలేదు. ఎలా తడుతుంది? మగవాడి విషయంలో ఊరు మాట్లాడకపోతే అది గౌరవం. ఆడపిల్ల విషయంలో ఊరు మాట్లాడకపోతే అది సిగ్గు అనుకున్నాను. నాన్న కప్పు దాచేశాడంటే నలుగురిలో తలవంపులని దాచేశాడనుకున్నాను. నెల తిరక్కుండా పెద్ద కేంపుకి రమ్మని ఉత్తరం వచ్చింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, వద్దని ఎవరూ అనలేదు. పందొమ్మిదేళ్ళ పిల్లకి ఆ రెండూ ఒకటే. ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను. డ్రిల్లు టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టుకున్నాను, ఆ తరవాత పోటీల్లో కడ్డీ ముట్టలేదు.

మొదట్లోనే నన్ను నౌపడ దగ్గర ఒక బడికి వేశారు, పదకొండేళ్ళు అక్కడే చేశాను. స్టేషన్లో దిగి బడికి నడిచే దారిలో ఉప్పు మడులు, తెల్లటి కుప్పలు, ఆ ఎండలో ఉప్పు గంపలు తల మీద పెట్టుకుని గట్ల మీద వరసగా నడిచే ఆడవాళ్ళు. నేను విజయనగరంలో ఎత్తిన దానికంటే ఆ గంపలేమైనా తక్కువా అని ఒకావిడని ఆపి ఎంత బరువుంటుందని అడిగితే, "తూసినోలెవులు టీసెరమ్మా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా అక్కడినుంచి ఒక సంచి రాళ్ళ ఉప్పు తెచ్చేదాన్ని, నాన్న మరీ మరీ చెప్పి తెప్పించుకునేవాడు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే బాగున్నావా అని అడగడు, "నౌపడ ఉప్పు తెచ్చినావేటి?" అని అడిగేవాడు. సంచి విప్పి దోసెడు తీసుకుని లోపలికి పోయేవాడు. గొడ్లకి పెడుతున్నాడో, ఊరగాయకో అనుకునేదాన్ని. కూతురికంటే ఉప్పు ఎక్కువైందని మనసులో కష్టపెట్టుకునేదాన్ని కూడా.

నాన్న పోయిన రెండేళ్ళకి పాత పెంకులు దింపించి స్లాబు వేయిద్దామని మా తమ్ముడు అటక ఖాళీ చేయించాడు. ఎర్ర కండువాలో చుట్టిన మూట ఒకటి దొరికింది. విప్పితే నా కప్పు. దాని నిండా ఉప్పు, ఉప్పులో గుచ్చిన ఏడు ఎండుమిరపకాయలు. అడుగున ఉప్పు నల్లగా గడ్డకట్టి ఉంది, పైన మాత్రం తెల్లగా ఉంది, అంటే ఎప్పటికప్పుడు కొత్తది పోస్తూ వచ్చాడు. నా బిడ్డకి ఎవరి కన్నూ తగలకూడదని, అందరికంటే ముందు తన కన్ను తగలకూడదని, పదకొండేళ్ళ పాటు అటకెక్కి పోశాడు. ఆ ఉప్పు చెమ్మగిల్లి కప్పుని తినేసింది. పూత ఊడిపోయి, అంచు చిల్లులు పడి, పీట ఊడి నా చేతిలోకి వచ్చింది. వంకర అక్షరాలు చెక్కిన చోట నా పేరు లేదు, పచ్చటి చిలుము ఉంది. ఆ ఉప్పు ప్రతి గింజా నౌపడ నుంచి నా చేతులతో నేనే మోసుకొచ్చాను.

ఆ రోజు ఏడ్చాను, కానీ ఆ ఏడుపులో సగం కోపమే. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎంత కష్టమో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక్క మాట, బాగా ఎత్తావమ్మా అని ఒక్క మాట అని ఉంటే నాన్న సొమ్మేం పోయింది? ఆ తరవాత బళ్ళో నా దగ్గర ఆడుకున్న ఆడపిల్లల్ని ఒక్కరినీ మెచ్చుకోకుండా ఇంటికి పంపలేదు. చివర వచ్చిన పిల్లని కూడా భుజం తట్టి పంపాను. దాంతో నాకు ఆ జబ్బు వదిలిపోయిందనుకున్నాను.

ఇదంతా ఆ సోమవారం రాజాం జంక్షన్‌లో, కాలిన గడ్డి వాసనలో నాకు కళ్ళ ముందు తిరిగింది. మా తమ్ముణ్ణి పక్కకి లాక్కుపోయి, నువ్వెన్నిసార్లు ఫోన్ కొట్టావురా అని అడిగాను.

"నానా?" అని వాడు తెల్లబోయాడు. "నానెలాగ కొడతానప్పా? ఇంటిపిల్లకి ఇంటోలే ఓటేసుకుంతారేటి? దిట్టి తగిలిపోదా?"

పక్కనున్న వాళ్ళని అడిగాను. కొట్టలేదు. ఇంకొకణ్ణి అడిగాను. కొట్టలేదు. ఈలలు వేసినవాళ్ళు, నినాదాలిచ్చినవాళ్ళు, చానలుని నిషేధించాలని కాగితం రాసి సంతకాలు సేకరిస్తున్నవాళ్ళు, అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తేలిందేమిటంటే, ఓట్లు మొదలైన రోజే మా తమ్ముడు ఇంటింటికీ తిరిగి, పలితం వచ్చీదాకా పిల్ల పేరు ఎవులూ ఎత్తకండి, ఫ్లెక్సీలు గట్రా కట్టకండి అని చేతులు పట్టుకుని మరీ చెప్పి వచ్చాడట. ఊరు ఊరంతా మాట నిలబెట్టుకుంది. తెర మీద ఆ గోరంత గీత కూడా ముక్కూ మొహం తెలియని ఎవరో పరాయి పుణ్యాత్ములు వేసిన ఓట్లు.

నా సంగతి కూడా చెప్పాలి కదా, లేకపోతే ఇది రాయడం ఎందుకు? మొదటి రోజే నేను ఫోను తీశాను, నంబరు నొక్కాను. పచ్చ గుర్తు మీద వేలు పెట్టబోయి ఆగిపోయాను. ఏదో తెలియని భయం. ఫోను బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చి, ఆ ఫోను చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ ఉప్పుని కుళాయి కింద కరిగించేశాను. ఉప్పు తిన్న కప్పుని బీరువాలో దాచుకున్న మనిషిని, అంతా తెలిసిన మనిషిని, నేను చేసిన పని ఇది. ఇప్పుడు చెప్పండి, కాల్చాల్సిన బొమ్మ ఎవరిది? ఆ యాంకరు వెటకారాన్ని నేను చచ్చినా క్షమించను. కానీ వాడు పరాయివాడు, వాడికేం తెలుసు, తెలిసిన వాళ్ళం మేం చేసిందేమిటి?

మంగళవారం పిల్ల ఊరికి వచ్చింది. తిన్నగా రాజాంలో నా ఇంటికి వచ్చి, నడుముకి కట్టుకునే తోలు పట్టీ తీసి నా బల్ల మీద పెట్టింది, నీ దగ్గర ఉంచు మామ్మా, ఇంకెవరికైనా పనికొస్తుందని. నేను బీరువా తీసి కప్పు దాని చేతిలో పెట్టాను.

"ఏటి మామ్మా ఇది, ఎలకలు కొరికినాయేటి?" అంది.

చెప్పాను. కళ్ళం దగ్గర్నుంచి, పొయ్యిలో పెట్టిన ఉత్తరం దగ్గర్నుంచి, మా తమ్ముడు ఇంటింటికీ తిరగడం, నేను ఫోను చుట్టూ ఉప్పు తిప్పడం దాకా, ఏదీ దాచకుండా చెప్పాను. విని కరిగిపోతుందనీ, నా మెడ పట్టుకుని ఏడుస్తుందనీ అనుకున్నాను. అది లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"అంటే నీకు తెలుసు. మీ నాన్న సేసింది తప్పని తెలిసీ నాకూ అదే సేసినారు మీరందరూ. నాకేటి కావాలో ఎవులైనా అడిగినారా?"

తప్పయిపోయిందే అన్నాను. అరవై ఆరేళ్ళలో నేను ఎవరికీ అలా చెప్పిన గుర్తు లేదు. కేంపుకి వెళ్తానని గానీ వెళ్ళనని గానీ అనకుండా అది వెళ్ళిపోయింది. పట్టీ బల్ల మీదే ఉండిపోయింది. కప్పు మాత్రం దాని చేతిలోనే వెళ్ళిపోయింది. పది నిమిషాలకి విసవిసా మళ్ళీ వచ్చి, నా వైపు చూడకుండా పట్టీ కూడా తీసుకుపోయింది.

బుధ, గురువారాలు నేను మా ఊళ్ళోనే మకాం పెట్టి, డ్రిల్లు చేయించినట్టు చేయించాను. తాలింఖానా ముందు అందరినీ నిలబెట్టి, శుక్రవారం స్టేషనుకి రావాలి, వచ్చి ఊరుకోకూడదు, ఒక్కొక్కరూ ఒక్కో మంచి మాట చెప్పాలి, వంక పెట్టినవాళ్ళని నేను ఊరుకోను అన్నాను. మంచి మాటంటే ఏటి అని ఒక ముసలాయన నిజంగానే అడిగాడు. బాగెత్తినావు అను, చాలు అన్నాను. ఆయన దాన్ని రెండుసార్లు పెదాలతో అని చూసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి చీపురుపల్లి స్టేషన్లో మా ఊరు ఊరంతా ఉంది, ఆటోల్లో కొందరు, ట్రాక్టరు మీద కొందరు. పిల్ల వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. రైలు వచ్చే పది నిమిషాల ముందు సంచి భుజాన వేసుకుని వాళ్ళ నాన్నతో వచ్చింది. వచ్చిందని తెలియగానే ఏం జరిగిందో చెప్పమంటారా? అంతమందీ, రెండు రోజులు నేర్పించిన అంతమందీ, ఒక్కసారి నోళ్ళు మూసుకుని తలలు వంచుకున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా తమ్ముణ్ణి వీపు మీద చరిచి ముందుకి తోశాను. వాడు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. ఆఖరికి, "ఏటే, సంచి అలాగేనా మొయ్యడం? ఎడం బుజం ఒంగిపోతంది" అన్నాడు.

పిల్ల ఆగిపోయింది. సంచి కింద పెట్టింది.

"అది నాకు అరదమైందిలే తాతా. ఇప్పుడు ఒంక పెట్టి కాదు, నాకు కావల్సినట్టు ఒక్క మాట సెప్పు."

మా తమ్ముడు దాని మొహంలోకి చూడలేక, పట్టాల వైపు చూస్తూ, పేరు పెట్టి పిలిచాడు. అందరిలో పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "బాగెత్తినావే అమ్మా, శానా బాగెత్తినావు" అన్నాడు. అంతే, ఆ తరవాత ఊరికి నోరు వచ్చింది. ముసలాయన తాను నేర్చుకున్న మాట నాలుగుసార్లు చెప్పాడు. నేను ఈల వేశాను, ముప్పై నాలుగేళ్ళు బడి గ్రౌండులో ఊదిన ఈలకంటే గట్టిగా. పిల్ల ఏడుస్తూ నవ్వుతూ రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. రైలు కదిలేటప్పుడు సంచిలోంచి కప్పు తీసి చూపించింది. శుభ్రంగా తోమింది, చిల్లుల్లోంచి అవతలి వెలుగు కనబడుతోంది.

రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీది బెంచీ మీద కూలబడ్డాను. నా చిన్నప్పుడు పది ఊళ్ళ జనం మధ్య మా ఊరు మాట్లాడకపోతే, ఎందుకు మాట్లాడలేదో ఆ పది ఊళ్ళకీ తెలిసేది. ఇప్పుడు చూసే జనం ఎవరో, ఎక్కడివాళ్ళో, వాళ్ళకి మా మౌనం ఏం తెలుస్తుంది? వాళ్ళ తెర మీద అది గోరంత గీతే. అలాంటి లోకంలోకి పిల్లల్ని పంపుతూ మనం ఇంకా తలలు వంచుకుని కూర్చుంటే, వాళ్ళు మనకి అక్కర్లేదనే అనుకుంటారు. అనుకోవడం వాళ్ళ తప్పు కాదు. నా పందొమ్మిదో ఏట ఏదో ఒక ప్లాట్‌ఫారం మీద నాన్న ఇలా ఒక్కసారి నలుగురిలో నా పేరు పెట్టి పిలిచి ఉంటే బాగుండేదని, ఈ వయసులో, ఇంతమంది మధ్య కూర్చుని అనుకున్నాను.

మొహం తుడుచుకుందామని కొంగు తీసుకుంటే చివర ఏదో గట్టిగా తగిలింది. ముడి విప్పితే గుప్పెడు రాళ్ళ ఉప్పు. ఎప్పుడు కట్టుకున్నానో నాకే తెలియదు. తలెత్తితే మా తమ్ముడు చూస్తున్నాడు. వాడు చొక్కా జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి నాకు చూపించాడు. అందులోనూ ఉప్పే. ఇంత కోపిష్టిదాన్ని, ఆ ఒక్కసారికి వాణ్ణి ఏమీ అనలేకపోయాను.